పదమూడంటే పన్నెండు పిక్కలూ ఒకటీ: సవర లెక్కకి కంప్యూటర్ ఆట చేస్తున్నాను, సలహా కావాలి

ఏజెన్సీ_టీచర్ (సోమవారం, రాత్రి 9.40)

అందరికీ నమస్కారం. సీతంపేట ఏజెన్సీలో ఒక చిన్న బడిలో సెకండరీ గ్రేడ్ టీచర్ని. మాది మైదానం ఊరు, ఇక్కడి గిరిజనుల భాష సవర నాకు సగం సగమే వచ్చు. మూడో తరగతిలో పద్నాలుగు మంది పిల్లలు, అందరి ఇంటి మాటా సవరే.

బడిలో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో స్క్రాచ్ అనే పిల్లల ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌తో అంకెల ఆట ఒకటి చేశాను. తెర మీద చింతపిక్కల కుప్ప పడుతుంది. వాటిని డబ్బాల్లోకి లాగి మొత్తం ఎన్నో చెప్పాలి. డబ్బాకి పది గళ్ళు. పది నిండగానే డబ్బా మూసుకుని చప్పట్లు వినిపిస్తాయి. బాగానే చేశాననుకున్నాను.

మొన్న ఒక పాపకి పదమూడు పిక్కలు పడ్డాయి. పది లాగింది, డబ్బా మూసుకుంది. ఆ మూసుకున్న డబ్బాలోకే ఇంకో రెండు లాగుతూ ఉంది. అవి జారిపోతున్నాయి, మళ్ళీ లాగుతోంది. మౌస్ రాక అలా చేస్తోందనుకుని నేను చెయ్యి పట్టుకుని చూపించబోయాను. చెయ్యి విడిపించుకుని బల్ల మీద నిజం పిక్కలు తీసి పన్నెండు ఒక పక్కన, ఒకటి ఒక పక్కన పెట్టి "మిగ్గల్‌బొయ్" అంది.

మిగ్గల్ అంటే పన్నెండు, బొయ్ అంటే ఒకటి. వాళ్ళ మాటలో పదమూడు అదే. నా ఆట మాత్రం ఎర్ర బొమ్మ వేసి "తప్పు" అంది. ఆ రోజు నుంచి ఆ పాప ల్యాప్‌టాప్ దగ్గరికి రావడం లేదు.

డబ్బా పదికే ఉంచాలా, మార్చాలా? మారిస్తే ఎలా? ప్రోగ్రామింగ్ నాకు స్క్రాచ్ వరకే వచ్చు.

కోడ్‌కామాక్షి (సోమవారం, రాత్రి 10.15)

మాస్టారూ, చేయడం కష్టం కాదు. ముందు మొత్తం వరస చెప్పండి. పన్నెండు దాటాక అంతా పన్నెండ్లేనా? ఇరవై నాలుగు అంటే రెండు పన్నెండ్లా? అది తెలియకుండా కోడ్ రాస్తే మళ్ళీ ఎర్ర బొమ్మే.

సూటిమాట (సోమవారం, రాత్రి 10.32)

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. పిల్లలు రేపు రాసే పరీక్ష పదుల్లో. సంతలో నోట్లు పదుల్లో. ఇంట్లో ఎలాగూ వచ్చే లెక్కని బడిలో మళ్ళీ నేర్పడం దేనికి? పైగా దానికి కంప్యూటర్ ఒకటా? ఉన్న గంట టైంలో ఎక్కాలు నేర్పండి మాస్టారూ.

కొండగాలి (సోమవారం, రాత్రి 11.05)

నేను సవరనే. డిగ్రీ చదువుతున్నాను. కామాక్షి అక్కా, ఇరవై నాలుగు రెండు పన్నెండ్లు కాదు. వరస ఇది, మా ఊళ్ళో అనే పలుకులో:

అబొయ్, బాగు, యాగి, ఉంజి, మొన్‌లొయ్, తుడ్రు, గుల్జి, తంజి, తింజి, గల్జి, గల్ముయ్, మిగ్గల్. ఇక్కడికి పన్నెండు. దేని పేరు దానిదే.

తర్వాత మిగ్గల్‌బొయ్ (13), మిగ్గల్‌బాగు (14), అలా మిగ్గల్‌గుల్జి వరకు. అది పన్నెండూ ఏడూ, పంతొమ్మిది. అక్కడ పన్నెండ్ల పని అయిపోతుంది. ఇరవై బొకొడి, అంటే ఒక కొడి. ఇరవై ఒకటి బొకొడి బొయ్. ముప్పై మూడు బొకొడి మిగ్గల్‌బొయ్, అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. నలభై బాకొడి, అరవై యాకొడి, ఎనభై ఉంజికొడి. తొంభై తొమ్మిదికి ఉంజికొడి మిగ్గల్‌గుల్జి: నాలుగు ఇరవైలు, ఒక పన్నెండు, ఒక ఏడు.

కొండకీ కొండకీ పలుకు కొంచెం మారుతుంది. ఒడిశా వైపు చుట్టాలు వేరుగా అంటారు. నా స్పెల్లింగే సరైందని ఎవరూ అనుకోవద్దు.

సూటిమాట గారూ, "ఇంట్లో ఎలాగూ వచ్చే లెక్క" అన్నారు. నాకు ముప్పై దాటితే తెలుగులోనే వస్తుంది. మా తమ్ముడికి పన్నెండు దాటితే తెలుగే. మా నాయనమ్మకి మొత్తం వచ్చు. ఎవరింట్లో ఎవరికి వస్తుందో చూసి చెప్పండి.

తూము_పుట్టి (మంగళవారం, ఉదయం 6.10)

రిటైరై పదకొండేళ్ళయింది, తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది. అందుకే ఈ వేళలో రాస్తున్నాను.

సూటిమాట గారికి ఒక ప్రశ్న. మీ గడియారంలో గంటకి నిమిషాలెన్ని? అరటిపళ్ళు ఎన్నింటికి బేరం ఆడతారు? పదికా, డజనుకా? మా చిన్నప్పుడు కళ్ళంలో ధాన్యం కొలిస్తే నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. మధ్యలో ఐదు తూములకి ఏదుము, పది తూములకి పందుము. మా నాన్నగారికి "డెబ్బై ఐదు తూములు" అంటే పట్టేది కాదు, "మూడు పుట్ల పదిహేను తూములు" అంటే కళ్ళ ముందు రాశి కనబడేది. అదీ ఇరవైల లెక్కే కదా. పదుల లెక్కతో పక్కపక్కనే నడిచింది, ఎవరి బుర్రా చెడిపోలేదు.

మాస్టారూ, ఆ పాప చేసింది తప్పు కాదని మీకు తెలుసు. ఆ సంగతి ఆ పాపకి చెప్పారా?

ఏజెన్సీ_టీచర్ (మంగళవారం, సాయంత్రం 5.20)

చెప్పలేదు సార్. మీరు అడిగాక ఇవాళ చెప్పాను. క్లాసు మధ్యలో చెప్తే పాప ఇబ్బంది పడుతుందని విరామంలో చెప్పాను. నవ్వి వెళ్ళిపోయింది. ల్యాప్‌టాప్ దగ్గరికి మాత్రం ఇంకా రాలేదు.

కొండగాలి తమ్ముడూ, నువ్వు రాసిన వరస మా విద్యా వాలంటీరుకి చదివి వినిపించాను. తనూ సవరే. రెండు మూడు చోట్ల పలుకు సరిచేసింది, లెక్క కట్టే పద్ధతి మాత్రం అదేనంది.

ఇవాళ ఒక సంగతి గమనించాను. పదమూడూ పద్నాలుగూ కలపమని పిక్కలు ఇచ్చాను. ఇద్దరు గుంటలు రెండో కుప్పలోంచి ఏడు తీసి మొదటి దాంట్లో వేశారు. ఇరవై అయింది. మిగిలింది ఏడు. "బొకొడి గుల్జి" అన్నారు. నేను బోర్డు మీద మూడూ నాలుగూ ఏడు, ఒకటీ ఒకటీ రెండు అని రాసేలోపు వాళ్ళది అయిపోయింది. ఇది అందరూ చేయలేదు, ఆ ఇద్దరే. మిగతావాళ్ళు మొత్తం కలిపేసి ఒకటి నుంచి లెక్కపెట్టారు.

లియోన్_తెలుగోడు (మంగళవారం, సాయంత్రం 6.48)

ఫ్రాన్స్ నుంచి. మా అబ్బాయి ఇక్కడి బడిలో చదువుతున్నాడు. ఫ్రెంచిలో ఎనభై అంటే "కాత్ర్ వాఁ", నాలుగు ఇరవైలు. తొంభై ఏడుకి నాలుగు ఇరవైలూ పదిహేడు అనాలి. వాడు మొదట్లో ఫోన్ నంబర్ చెప్తే నాలుగూ, ఇరవై అని విడివిడిగా రాసేసేవాడు. ఇక్కడ దాన్ని "పాత లెక్క" అని ఎవరూ పక్కన పెట్టలేదు. రాసేటప్పుడు పదుల్లో రాస్తారు, పలికేటప్పుడు ఇరవైల్లో పలుకుతారు, అంతే. ఉంజికొడి అని చదవగానే మా ఇంటి గోల గుర్తొచ్చింది.

కోడ్‌కామాక్షి (మంగళవారం, రాత్రి 9.02)

కొండగాలీ, థాంక్స్ తమ్ముడూ. నువ్వు చెప్పకపోతే ఇరవై నాలుగుని రెండు పన్నెండ్లు చేసేసేదాన్ని.

మాస్టారూ, స్క్రాచ్‌కి ముందు ఎక్సెల్‌లో గానీ లిబ్రె ఆఫీస్ కాల్క్‌లో గానీ ఒక షీట్ చేయండి. లెక్క సరిగ్గా వస్తోందో లేదో మీ కళ్ళతో చూస్తారు. మొదటి గడిలో సంఖ్య. రెండో గడిలో దాన్ని ఇరవైతో భాగిస్తే వచ్చే భాగఫలం, దశాంశం వదిలేసి. దానికి ఇంట్ ఫంక్షన్. మూడో గడిలో మాడ్ ఫంక్షన్‌తో శేషం. ఆ శేషం పన్నెండు కంటే ఎక్కువైతే నాలుగో గడిలో పన్నెండు, ఐదో గడిలో మిగిలింది. ఎక్కువ కాకపోతే నాలుగో గడి ఖాళీ, శేషం మొత్తం ఐదో గడిలో. ఒకటి నుంచి తొంభై తొమ్మిది వరకు కిందికి లాగండి.

పరీక్షకి మూడు సంఖ్యలు చూడండి: 19, 32, 39. మొదటిది 12, 7 గా విడిపోవాలి. ముప్పై రెండులో ఇరవై, మిగ్గల్ మాత్రమే ఉండాలి, ఐదో గడిలో "పన్నెండూ సున్నా" రాకూడదు. పైన నేను చెప్పినట్టు "కంటే ఎక్కువ" అని పెడితే ఆ గొడవ ఉండదు. "ఎక్కువ గానీ సమానం గానీ" అని పెడితే వస్తుంది. ముప్పై తొమ్మిది 20, 12, 7.

ఇది అయ్యాక స్క్రాచ్‌లో డబ్బాలు మూడు రకాలు చేయండి: ఇరవై గళ్ళ తట్ట, పన్నెండు గళ్ళ డబ్బా, విడి పిక్కలకి ఆకు. నా సలహా వింటే డబ్బా తనంతట తాను మూసుకోకూడదు. ఆ పాపని ఆపింది ఆ మూతే. పిల్ల ఎలా గుంపు చేస్తే అలా చేయనివ్వండి, పేరు అడిగినప్పుడు మాత్రం చూడండి.

ఇంకో బటన్ పెట్టండి. నొక్కితే అవే పదమూడు పిక్కలు జరిగి పదీ మూడూగా సర్దుకోవాలి. మళ్ళీ నొక్కితే పన్నెండూ ఒకటీగా. పిక్కలు తెర మీద నుంచి మాయమై కొత్తవి రాకూడదు, అవే కదలాలి. కాగితం మీద చేయలేనిది కంప్యూటర్ చేయగలిగేది ఇదొక్కటే అనుకుంటాను.

సూటిమాట (మంగళవారం, రాత్రి 9.30)

ఆ బటన్ ఆలోచన బాగుంది. అది ఉంటే పదులు కూడా నేర్పినట్టే. మొదటే అలా చెప్పి ఉంటే నేను అంత మాట అనేవాడిని కాదు.

లిపిరాయుడు (బుధవారం, మధ్యాహ్నం 1.15)

ఈ చర్చలో అలాస్కా కథ ఇంకా ఎవరూ ఎత్తలేదేంటి?

ఉత్తర అలాస్కాలో బోఫోర్ట్ సముద్రం ఒడ్డున కాక్టోవిక్ అని చిన్న ఊరు. అక్కడి ఆదివాసులైన ఇన్యుపియాట్ల భాషలో లెక్క ఇరవైల్లో, లోపల ఐదులు. 1994లో ఆ ఊరి మిడిల్ స్కూల్ పిల్లలు విలియం బార్ట్‌లీ అనే టీచర్ క్లాసులో, పది అంకెలతో తమ మాట లెక్క రాయడం కుదరడం లేదని గమనించి ఇరవై కొత్త అంకెలు తయారు చేసుకున్నారు. కింద ఉండే గీతలు ఒకట్లు, పైన గీత ఐదు. బొమ్మ చూస్తే విలువ తెలిసిపోతుంది. రెండు అంకెలు కలపాలంటే గీతలు కలిపితే చాలు. బడి వర్క్‌షాప్‌లో లెక్కపెట్టే పూసల చట్రాలు కూడా చేసుకున్నారు. 1998లో ఇన్యుపియాట్లతో సహా ఇన్యుట్ తెగల సంఘమైన ఇన్యుట్ సర్కంపోలార్ కౌన్సిల్ ఆ అంకెల వాడకాన్ని సమర్థించింది. 2022లో యూనికోడ్ 15.0లో, అంటే కంప్యూటర్లన్నీ వాడే అక్షరాల పట్టికలో, చేరాయి. ఇప్పుడు ఫాంట్ ఉంటే ఏ కంప్యూటర్‌లోనైనా టైప్ చేయొచ్చు.

వరసలో ఏది ముందు జరిగిందో చూడండి. మొదట పిల్లలు, తర్వాత పూసలు, తర్వాత పెద్దల సంఘం, ఇరవై ఎనిమిదేళ్ళకి కంప్యూటర్. మనం మొదటే యాప్ దగ్గర కూర్చుంటాం.

సవరకీ అలాంటి అంకెలు చేద్దామా?

కొండగాలి (బుధవారం, రాత్రి 8.44)

"చేద్దామా" అంటున్నారు, ఎవరు చేద్దాం అన్నా?

మాకు సొరాంగ్ సొంపెంగ్ లిపి ఉంది. 1936లో మాంగే గొమాంగో తయారు చేశారు. ఒడిశా వైపు కొందరు వాడతారు. అది 2012లోనే యూనికోడ్ 6.1లో చేరింది, అంకెలు కూడా ఉన్నాయి. సున్నా నుంచి తొమ్మిది వరకు. అంటే లిపి మాది, అంకెల బొమ్మలు మావి, రాసే పద్ధతి మాత్రం పదుల్లోనే. ఆంధ్రాలో మా పిల్లల పుస్తకాలు తెలుగు లిపిలో వస్తాయి. ఇప్పటికే రెండు లిపులు. మూడో గుర్తులు అంటే మా ఊళ్ళో ముసలాళ్ళు నన్నే తిడతారు.

నాకు కావల్సింది పలుకు. మాస్టారి ఆటలో అంకె పక్కన మాట వినిపించాలి. ఫోన్‌లో తెలుగు గొంతుతో చదివించి చూశాను. 13 అని ఇస్తే "పదమూడు" అంటుంది. మాట తెలుగు లిపిలో రాసి ఇస్తే చదువుతుంది గానీ వార్తలు చదివినట్టు ఉంది. సవరలో గొంతు దగ్గర టక్కున ఆగే పలుకు ఒకటుంది, అది దానికి రాదు. నాయనమ్మ గొంతే రికార్డు చేస్తాను.

తూము_పుట్టి (గురువారం, ఉదయం 5.55)

నాయనా కొండగాలీ, మీ పలుకు సంగతి వింటే గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొచ్చారు. వాడుక భాష కోసం పోరాడారని అందరికీ తెలుసు. పర్లాకిమిడిలో ఉంటూ, సవర మాట్లాడే ఒకరిని ఇంట్లో పెట్టుకుని మీ భాష నేర్చుకున్న సంగతి కొద్దిమందికే తెలుసు. 1931లో సవర భాషా మాన్యువల్ అచ్చయింది. ఇప్పట్లా జేబులో ఫోన్ రికార్డరు లేదు.

లిపిరాయుడు గారూ, యూనికోడ్ అన్నారు కాబట్టి చిన్న పక్కదారి. మన తెలుగు భిన్నాల గుర్తులు 2008లో 5.1లో చేరాయి కదా. పాత కరణాల లెక్కల్లో పాతికకి నిలువు గీత, వీసానికి అడ్డ గీత, కానికి మళ్ళీ నిలువు గీత. అన్నీ నాలుగో వంతులు: నాలుగోది, పదహారోది, అరవై నాలుగోది. రూపాయి, పావలా, అణా, కానీ కూడా అదే మెట్లు. 1957 ఏప్రిల్‌లో నయా పైసలు వచ్చి ఆ మెట్లు పోయాయి. "వీసమెత్తు తేడా లేదు" అని ఇప్పటికీ అంటాం గానీ వీసం ఎంత అని మా మనవడిని అడిగితే విమానం ఎక్కే వీసా అనుకున్నాడు.

లిపిరాయుడు (గురువారం, ఉదయం 9.20)

సార్, మనవడి మాట అదిరింది. ఆ గుర్తులు ఇక్కడ టైప్ చేద్దామనుకున్నాను, ఫాంట్ లేనివాళ్ళకి డబ్బాలే కనబడతాయని మానేశాను.

కొండగాలీ, నీ మాట నిజమే. "చేద్దామా" అనడం నాది కాదు. వెనక్కి తీసుకుంటున్నాను.

ఏజెన్సీ_టీచర్ (శనివారం, సాయంత్రం 4.35)

రెండు రోజులు కూర్చుని కొత్తది చేశాను. షీట్ సరిగ్గా వచ్చింది కామాక్షి గారూ, 32 దగ్గర మీరు భయపెట్టినట్టే మొదట తప్పు చేశాను, సమానం పెట్టేశాను.

ఇంకో తలనొప్పి వచ్చింది. పిల్లలు మాట టైప్ చేస్తే సరిచూసే భాగం ఒకటి పెట్టాను. "మొన్‌లొయ్" అని ఒక గుంటడు టైప్ చేస్తే తప్పంటోంది. తెర మీద చూస్తే రెండూ దాదాపు ఒకటే. నేను రాసిన దాంట్లో న్ విడిగా ఉంది, వాడిది "మొన్లొయ్", న కింద ల వత్తు. పలికితే తేడా లేదు. మళ్ళీ ఎర్ర బొమ్మ!

కోడ్‌కామాక్షి (శనివారం, సాయంత్రం 5.10)

అయ్యో, అది నేను ముందే చెప్పాల్సింది. పొల్లు విడిగా కనబడాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం పడుతుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. మీ కీబోర్డు వేసింది, వాడిది వేయలేదు. మనిషికి ఒకటే, కంప్యూటర్‌కి రెండు వేరు మాటలు. సరిచూసే ముందు రెండింట్లోంచీ ఆ అక్షరాన్ని తీసేయాలి. స్క్రాచ్‌లో అది కొంచెం తిప్పలే.

అసలు మూడో తరగతికి టైపింగ్ ఎందుకు మాస్టారూ? స్పెల్లింగే ఇంకా ఖాయం కాని భాషలో స్పెల్లింగ్ పరీక్ష పెడుతున్నాం. ఆ భాగం తీసేయండి. పలుకు విని పిక్కలు పెట్టనివ్వండి, పిక్కలు చూసి నోటితో చెప్పనివ్వండి. సరో కాదో వాలంటీరమ్మ చెప్తుంది.

కొండగాలి (ఆదివారం, రాత్రి 7.30)

రికార్డింగ్ అయింది. 1 నుంచి 40 వరకు, తర్వాత 60, 80, 99. నాయనమ్మ మొదట ఒప్పుకోలేదు. "లెక్క ఊరికే ఎలా చెప్తారు, ఏమి లెక్కపెట్టాలో చెప్పు" అంది. నిజమే కదా. అడ్డాకుల కట్ట ముందు పెట్టాను. ఆకు తీసి పెడుతూ చెప్పింది. కాబట్టి ప్రతి మాటకీ ముందు ఆకు చప్పుడు ఉంటుంది.

మాస్టారూ, ఒక షరతు. ఇది మీ బడి వరకే. బయట పెట్టాలంటే ఊళ్ళో అడుగుతాను, నాయనమ్మనీ మళ్ళీ అడుగుతాను. ఆటలో నాయనమ్మ పేరు వద్దంది.

సూటిమాట (ఆదివారం, రాత్రి 8.05)

ఏమి లెక్కపెట్టాలో చెప్పు అందా! నా ఇరవై ఏళ్ళ ట్యూషన్లలో ఒక్క పిల్లాడూ నన్ను ఆ మాట అడగలేదు.

ఏజెన్సీ_టీచర్ (బుధవారం, రాత్రి 9.15)

షరతు ఒప్పుకున్నాను తమ్ముడూ. ల్యాప్‌టాప్‌కి నెట్ లేదు, ఫైలు దాంట్లోనే ఉంటుంది.

టైపింగ్ తీసేశాను. ఎర్ర బొమ్మ తీసేశాను. డబ్బాకి మూత తీసేశాను. నిన్న క్లాసులో పెట్టాను. మొదటి పది నిమిషాలు ఆటే ఆడలేదు, నాయనమ్మ గొంతు మళ్ళీ మళ్ళీ నొక్కి వింటూ ఎవరి అవ్వ ఇలా అంటుందో, ఎవరి అవ్వ అలా అనదో గొడవ పడ్డారు. ఇద్దరు గుంటలు తమ ఇంట్లో తుడ్రుని వేరేగా పలుకుతారని పట్టుపట్టారు. వాలంటీరమ్మ తీర్పు చెప్పలేదు, రెండూ బోర్డు మీద రాసింది.

పిక్కలు సర్దుకునే బటన్ అనుకున్నంత బాగా పని చేయలేదు. ల్యాప్‌టాప్ పాతది, ముప్పై పిక్కలు దాటితే ఆగి ఆగి కదులుతున్నాయి. మెల్లగా కదలడం వల్ల కొందరు ఒక్కో పిక్కనీ చూస్తూ "ఇది ఇటు వచ్చింది" అని చెప్తున్నారు, కాబట్టి వేగం పెంచాలా వద్దా ఆలోచిస్తున్నాను.

ఆ పాప వెనకే నిలబడి చూసింది. ఆఖర్న వచ్చి బటన్ నొక్కింది. పదీ మూడూ అయింది. మళ్ళీ నొక్కింది. పన్నెండూ ఒకటీ అయింది. అలా ఒక ఏడెనిమిది సార్లు నొక్కి వెళ్ళి కూర్చుంది. ఏమీ అనలేదు.

17వ రికార్డింగ్‌లో మిగ్గల్‌మొన్‌లొయ్ అనేటప్పుడు కుక్క మొరుగుతుంది. దాన్ని కత్తిరిద్దామనుకున్నాను. పిల్లలు ఒప్పుకోలేదు. ఆ కుక్క ఎవరిదో వాళ్ళకి తెలుసట.